పాఠకుల ప్రశ్నలు: గుర్రం కొనాలా, ఆగాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా వేసవి సెలవుల్లో హైదరాబాదులోని మా అక్కగారింట్లో ఉండి, అక్కడి క్లబ్బులో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఇప్పుడు షో జంపింగే (గుర్రాన్ని కంచెల మీదుగా దూకించే పోటీ) తన వృత్తి అంటోంది. పందేల నుంచి తప్పించిన గుర్రాలు చవకగా వస్తాయని, ఒకటి కొని ఊరి బయట ఉన్న మా కొబ్బరితోటలో పెడదామని పట్టుబడుతోంది. కొనమంటారా? ఈ వృత్తిలో బతుకు ఎలా ఉంటుంది?
– ఒక తల్లి, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: అమ్మాయి కోరికను మాన్పించనక్కరలేదు గానీ, గుర్రాన్ని మాత్రం ఇప్పుడే కొనకండి. పందేలు మానిన థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం తక్కువ ధరకు దొరికే మాట నిజమే. మన దేశంలో చాలామంది అటువంటి గుర్రాల మీదే జంపింగ్ నేర్చుకున్నారు. అయితే ఆ గుర్రానికి చిన్నప్పటినుంచి నేర్పిన విద్య ఒక్కటే, పక్కవాటిని దాటి దౌడు తీయడం. దానికి నిదానం నేర్పి, కంచె ముందు అడుగు కుదించుకోవడం అలవాటు చేయడానికి అనుభవజ్ఞుడైన శిక్షకుడికే నెలలు పడుతుంది. నేర్చుకునే పిల్లకు నేర్చిన గుర్రం కావాలి, నేర్చుకునే గుర్రానికి నేర్చిన రౌతు కావాలి. ఇద్దరూ కొత్తవారైతే దెబ్బలు ఇద్దరికీ తగులుతాయి.

కొబ్బరితోట సంగతి కూడా ఆలోచించండి. గుర్రం రోజుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు తాగుతుంది, మన ఉక్కపోతలో పని చేయిస్తే ఇంకా ఎక్కువే తాగుతుంది. తన బరువులో నూటికి దాదాపు రెండు వంతుల మేత దానికి ప్రతిరోజూ కావాలి, మీ వైపు విరివిగా దొరికే వరిగడ్డితో ఆ అవసరం తీరదు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి గిట్టలు చెక్కి నాడాలు మార్చేవారు రావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు వైద్యం. గుర్రం వాంతి చేసుకోలేదు, అందువల్ల కోలిక్ అనే కడుపునొప్పి పట్టుకుంటే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఆ అర్ధరాత్రి గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరు ఎక్కడినుంచి వస్తారో ముందే తేల్చుకోకుండా గుర్రాన్ని ఇంటికి తేవడం దాని పట్ల అన్యాయం. పైగా అది మందలో బతికే జంతువు, తోటలో ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది. ఒడిశా తీరంలో చైత్రమాసంలో ఆడించే చైతీ ఘోడా అనే బొమ్మగుర్రానికైతే వెదురుబద్దలు, రంగుగుడ్డలు చాలు. నిజం గుర్రం అంత సులువుగా లొంగదు.

ఇక వృత్తి సంగతి. పోటీల బహుమతి సొమ్ముతోనే బతికే రైడర్లు ప్రపంచంలోనే కొద్దిమంది. మిగిలినవారికి పిల్లలకు నేర్పడం, ఇతరుల గుర్రాలకు శిక్షణ ఇవ్వడం, లేతగుర్రాన్ని తయారుచేసి అమ్మడం, ఇవే ఆదాయమార్గాలు. తెల్లవారకముందే మొదలయ్యే రోజులో ఒక గుర్రం దిగి మరొకటి ఎక్కుతూ ఐదారింటిని నడిపించాలి, మధ్యలో జీను తుడవాలి, కాళ్ళు తడిమి వేడి, వాపు చూడాలి. పతకాలు గెలిచినవారు ఎక్కిన గుర్రాలు కూడా చాలాసార్లు వేరే యజమానులవే. రైడరు పేరు చూసి యజమాని గుర్రాన్ని అప్పగిస్తాడు, ఫలితాలు రాకపోతే తీసుకుపోతాడు. అందుకే ఈ వృత్తిలో అసలు ఆస్తి గుర్రం కన్నా, ‘ఈమె చేతిలో పెడితే గుర్రం బాగుపడుతుంది’ అన్న నమ్మకమే అని నా అభిప్రాయం. ఆ నమ్మకం ఎన్నో రకాల గుర్రాల మీద గడిపిన గంటల వల్ల వస్తుంది. ఒక్క గుర్రాన్ని కొని దానికే అంటిపెట్టుకుంటే ఆ గంటలు దక్కవు.

తొందర ఎందుకు వద్దంటున్నానంటే, ఇది పాతికేళ్ళకే ముగిసిపోయే ఆట కాదు. బ్రిటన్ రైడరు నిక్ స్కెల్టన్ 2000లో పడి మెడ ఎముక విరగ్గొట్టుకుని ఆట మానేశారు. తరువాత తిరిగివచ్చి, 2012లో లండన్‌లో జట్టు స్వర్ణంలో భాగమై, 2016లో రియోలో బిగ్ స్టార్ అనే గుర్రం మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచారు. అప్పుడాయన వయసు 58. కెనడాకు చెందిన ఇయాన్ మిల్లర్ పది ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు, తొలి పతకం 2008లో, 61వ ఏట దక్కింది. ఆడపిల్ల అన్న సందేహం మీకుంటే దాన్నీ వదిలేయండి. షో జంపింగ్‌లో స్త్రీ పురుషులు ఒకే పోటీలో తలపడతారు. ఒలింపిక్స్ జంపింగ్‌లో స్త్రీలకు 1956లో ప్రవేశం దొరికింది, బ్రిటన్ జట్టుతో పాట్ స్మైత్ ఆ ఏడాదే కాంస్యం గెలిచారు.

అయితే మన దేశం నుంచి దారి కఠినం. ఇటీవల మనకు పేరు తెచ్చినవి ఈ క్రీడలోని ఇతర విభాగాలు: 2018 ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా రజతం ఈవెంటింగ్‌లోది (డ్రెస్సేజ్, బయలు మైదానపు దౌడు, జంపింగ్ మూడూ కలిసిన పోటీ), 2023లో హాంగ్‌ఝౌలో జట్టు స్వర్ణం డ్రెస్సేజ్‌లోది (గుర్రం చేత నేర్పిన కదలికలను తీరుగా చేయించే పోటీ). వారంతా ఐరోపాలో శిక్షణ పొందారు. గుర్రాల అంటువ్యాధుల భయంతో ఇక్కడి గుర్రాలను విదేశీ పోటీలకు తీసుకుపోవడం చాలాకాలంగా దాదాపు అసాధ్యంగా ఉండేది. మీరట్‌లోని సైనిక కేంద్రంలో ఒక వ్యాధిరహిత ఆవరణకు 2025లో అంతర్జాతీయ గుర్తింపు రావడం ఈ చిక్కు సడలడానికి తొలిమెట్టు.

ఒలింపిక్స్‌లో జంపింగ్‌కు రైడరుకు 18 ఏళ్ళు నిండే సంవత్సరం రావాలి, గుర్రానికి కనీసం తొమ్మిదేళ్ళుండాలి. అమ్మాయికి వ్యవధి ఉంది. చదువు సాగనిస్తూ సెలవుల్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి హైదరాబాదు పంపండి. స్వారీ గంట అయ్యాక దిగి వచ్చేయకుండా, గుర్రాలను చూసుకునే సైసుల పక్కన నిలబడి మేత పెట్టడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టిని కొక్కెంతో తీయడం నేర్పమని క్లబ్బువారిని అడగండి. ఖర్చు పెట్టదలిస్తే ముందు మంచి హెల్మెట్టు, ఛాతీకి రక్షణకవచం కొనండి.

ప్రశ్న: పారిస్ ఒలింపిక్స్‌ను టీవీలో చూశాను. ఎగిరేది గుర్రం, పతకం మెడలో వేసుకునేది మనిషి! నిజానికి రైడరు చేసే పనేమిటి?
– ఒక డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: టీవీ చూపించని భాగంలోనే ఎక్కువ పని ఉంది. పోటీకి ముందు రైడర్లు బూట్లతో మైదానంలోకి దిగి, కంచెల మధ్య అడుగులు లెక్కపెడుతూ నడవడం మీరు గమనించారో లేదో! గుర్రానికి ఆ దారి ముందుగా చూపించరు. క్యాంటర్ అనే నడకలో గుర్రం ఒక అంగ దాదాపు 3.6 మీటర్లు, అంటే మనిషి 90 సెంటీమీటర్ల చొప్పున వేసే నాలుగు అడుగులు. రెండు కంచెల మధ్య 24 అడుగులు వచ్చాయనుకోండి. దిగడానికి రెండు, ఎగరడానికి రెండు తీసేస్తే మిగిలిన 20లో సరిగ్గా ఐదు అంగలు పడతాయి. 26 వస్తే ఐదు అంగలను సాగదీయాలా, ఆరింటిని కుదించాలా అన్నది తన గుర్రం స్వభావాన్ని బట్టి రైడరే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాన్ని నిమిషానికి 400 మీటర్ల వేగంలో, 1.60 మీటర్ల ఎత్తున్న బద్దల ముందు అమలు చేయాలి. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల నుదుటి ఎదుట మరీ దగ్గరగా ఉన్నది గుర్రానికి కనిపించదు, కాబట్టి అది ఎగరడంలో రైడరు మీది నమ్మకం చాలా ఉంది.

బద్ద చివరలు ఆనేది లోతులేని చిన్న దొన్నెల్లాంటి ఆనుల్లో. గిట్ట కాస్త గట్టిగా తగిలితే పడిపోతుంది, పడితే నాలుగు పెనాల్టీ పాయింట్లు. గుర్రం ఒకసారి మొరాయిస్తే మరో నాలుగు, ఇంకోసారి మొరాయించినా, రైడరు కింద పడినా పోటీ నుంచి తప్పుకోవాల్సిందే. పారిస్‌లో సమానంగా నిలిచినవారి మధ్య విజేతను తేల్చే చివరి జంప్-ఆఫ్‌కు మిగిలిన ముగ్గురిలో ఒక్క బద్దా పడకుండా ముగించింది చెకర్ 47 అనే గుర్రం మీద జర్మనీ రైడరు క్రిస్టియన్ కుకుక్ ఒక్కరే.

ఎగిరేటప్పుడు రైడరు ముందుకు వంగి రికాబుల మీద లేస్తాడు. పూర్వం వెనక్కి వాలి కళ్ళెం లాగేవారు, దానితో గుర్రం నోరు నొప్పెట్టి, వీపు బిగుసుకుపోయేది. ఇటలీ అశ్వికదళానికి చెందిన ఫెదెరికో కప్రిల్లి (1868–1907) గుర్రాలు రౌతు లేకుండా ఎలా ఎగురుతాయో గమనించి ఈ కొత్త భంగిమను ప్రచారంలోకి తెచ్చారు. అది లేకుండా నేటి ఎత్తులు సాధ్యమయ్యేవి కావనే నేననుకుంటాను.

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్నాను. గుర్రాలంటే ప్రాణం గానీ మాకు అంత స్తోమత లేదు. ఏదైనా దారి ఉందా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: ఉంది. మన దేశంలో ఈ క్రీడకు వెన్నుదన్ను సైన్యమే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన రఘువీర్ సింగ్ సైనికుడే. జైపూర్‌లో 61వ అశ్వికదళం ఉంది. 1779లో పుట్టిన సైనిక పశువైద్య విభాగానికి మీరట్‌లో కేంద్రముంది. ఆ విభాగంలో గుర్రాల శుశ్రూష చేసేవారికి, నాడాలు వేసేవారికి కూడా చోటుంది. హైదరాబాదులో అశ్విక పోలీసు దళం వంటివీ ఉన్నాయి.

రెండో దారి పశువైద్యం. మీ స్థానికత ఒడిశా కనుక ముందు భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని పశువైద్య కళాశాల వివరాలు చూడండి. అయితే దానికి ప్లస్ టూలో జీవశాస్త్రం ఉండితీరాలి, మీకు ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. లేకపోతే సైన్యం నియామక ప్రకటన కోసమే చూస్తూ ఉండండి, ఈలోగా పరుగు మాత్రం రోజూ సాధన చేయండి.