కారా, విమానమా? ముందు మీ మెలకువ గంటలు లెక్కేయండి

ప్రశ్న: నా వయసు 42. విజయవాడ పటమటలో ఉంటాం. ఒక విమానయాన సంస్థలో కెప్టెన్‌ని, బేస్ హైదరాబాద్. నెలలో ఆరేడు సార్లు శంషాబాద్ వెళ్లి రావాలి. ఉదయం 6.15కి రిపోర్టింగ్ ఉంటే ముందు రాత్రి 9కి పడుకుని, 12కి లేచి కారులో బయల్దేరతాను. ఆఖరి ల్యాండింగ్ రాత్రి 11.40కి అయినా సరే, అక్కడ ఉండబుద్ధి కాక అప్పుడే బయల్దేరి తెల్లారేసరికి ఇంటికొస్తాను. గత నెల అలా వస్తుంటే నకిరేకల్ దాటాక కన్ను మూతపడి కారు పక్క లేన్‌లోకి వెళ్లిపోయింది. గన్నవరం నుంచి స్టాఫ్ టికెట్ మీద వెళ్దామంటే సీటు దొరుకుతుందో లేదోనని టెన్షన్. జలుబు ఉన్నప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తున్నాయి. నడుం నొప్పి కూడా మొదలైంది. గురక బాగా ఎక్కువైందని మా ఆవిడ అంటోంది. ఆరోగ్యపరంగా నాకు కారు మంచిదా, విమానమా?

జవాబు: ముందుగా నకిరేకల్ సంగతి. అది ఏదో పొరపాటున కన్ను మూతపడటం కాదు. నిద్ర సరిపోని మెదడు మీ అనుమతి అడక్కుండా కొన్ని సెకన్లపాటు పడుకోవడం అది. దాన్ని మైక్రోస్లీప్ అంటాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే 111 మీటర్లు మీరు లేకుండానే కారు వెళ్లినట్టు. ఒకసారి వచ్చిందంటే అదే రాత్రి మళ్లీ వస్తుంది. ఏసీ పెంచడం, అద్దం దించడం, పాటల సౌండ్ పెంచడం వల్ల వచ్చే మెలకువ కొద్ది నిమిషాలే.

మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, ఉదయం 6.15 డ్యూటీకి అర్ధరాత్రి కారూ వద్దు, ఆఖరి నిమిషంలో విమానమూ వద్దు. ముందు రోజు సాయంత్రమే వెళ్లి శంషాబాద్‌లో పడుకోండి. అర్ధరాత్రి డ్యూటీ దిగాక కారు తాళం ముట్టుకోకండి. ఈ రెండూ పాటిస్తే మిగతా రోజుల్లో ఎలా వెళ్లినా పెద్ద ఇబ్బంది ఉండదు.

ఎందుకంటే ఇక్కడ లెక్క కిలోమీటర్లతో కాదు, మెలకువ గంటలతో వేయాలి. మధ్యాహ్నం 3 గంటల రిపోర్టింగ్ ఉన్న రోజు తీసుకుందాం. ఉదయం 8కి లేచి, 9కి కారు తీశారు. 2కి చేరారు. రాత్రి 11.40కి ఆఖరి ల్యాండింగ్, 12.30కి పార్కింగ్ నుంచి బయటపడ్డారు. తెల్లవారి 4.30కి ఇబ్రహీంపట్నం దగ్గరికి వచ్చేసరికి మీరు లేచి ఇరవై గంటలు దాటింది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్పందనతో సమానమని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.03 శాతమే. చుక్క ముట్టకుండానే మీరు ఆ గీత దాటి నడుపుతున్నారన్నమాట. పైగా తెల్లవారుజామున 2 నుంచి 6 వరకు ఒంటి గడియారం అట్టడుగున ఉంటుంది. ఆ వేళలో శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం రెండూ పడిపోతాయి. పైలట్ల డ్యూటీ నిబంధనలు ఆ గంటల్ని ప్రత్యేకంగా చూసేది అందుకే.

ఉదయం డ్యూటీ సంగతి మరో రకం. రాత్రి 9కి పడుకుంటున్నాను కదా అంటున్నారు. రోజూ పదకొండుకో, పన్నెండుకో నిద్రపోయే ఒంటికి 9 గంటలంటే నిద్రకు అస్సలు ఒప్పుకోని సమయం. మామూలుగా పడుకునే వేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు మెలకువను గట్టిగా పట్టుకుని ఉంటుంది. లైట్లు ఆర్పి కళ్లు మూసుకున్నా, అసలు నిద్ర గంటన్నర, రెండు గంటలకు మించదు. ఆ నిద్రతో ఐదు గంటలు స్టీరింగ్ పట్టుకుని, ఆపైన నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు టేకాఫ్‌లు, నాలుగు ల్యాండింగ్‌లు. నాలుగో ల్యాండింగ్ మధ్యాహ్నం 2.30కి అనుకుంటే, అదే మనిషికి సహజంగా రెండోసారి మత్తు కమ్మే వేళ. మీ వెనుక కూర్చున్న నూట ఎనభై మందికి ఇదేమీ తెలియదు.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ 3407 విమానం కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) సియాటిల్ నుంచి రాత్రంతా విమానాల్లో ప్రయాణించి నెవార్క్ బేస్‌కు చేరారు. కెప్టెన్ ముందు రాత్రి క్రూ రూమ్‌లోనే గడిపారు. వేగం మరీ తగ్గి విమానం పట్టు తప్పబోతోందని చెప్పే స్టాల్ హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తులో తేలింది. ఇద్దరి పనితీరునూ అలసట దెబ్బతీసి ఉంటుందని, అయితే ఏ మేరకో కచ్చితంగా చెప్పలేమని కూడా అందులో రాశారు. అంటే విమానంలో వెళ్లినంత మాత్రాన అలసట ఉండదనుకోవద్దు. ఇంటి నుంచి బేస్‌కు చేరే ప్రయాణం ఎలా చేసినా అది మీ విశ్రాంతిలోంచే కోత పడుతుంది. కంపెనీ పంపితే చేసే ప్రయాణం డ్యూటీ లెక్కలోకి వస్తుంది. మీ అంతట మీరు ఇంటి నుంచి చేసేది రాదు. రోస్టర్‌లో విశ్రాంతి అని కనిపించే గడిలో మీరు చిల్లకల్లు టోల్ దగ్గర లైన్లో ఉంటున్నారు.

ఇక విమానం. పటమట నుంచి గన్నవరం, చెకిన్, గంట లోపు ప్రయాణం, దిగాక గదికి చేరడం అన్నీ కలిపితే మూడు నుంచి మూడున్నర గంటలు. కారుకైతే ఔటర్ మీదుగా ఐదు గంటలు. మిగిలేది గంటన్నర నుంచి రెండు గంటలే అయినా అసలు లాభం వేరే ఉంది. ఆ మూడు గంటల్లో మీ చేతిలో స్టీరింగ్ ఉండదు, కునుకు పట్టినా ఎవరికీ ప్రమాదం లేదు. అందుకే ముందు రోజు సాయంత్రం వెళ్లడానికి నేను విమానానికే ఓటేస్తాను. అయితే సీటు మిగిలితేనే ఎక్కనిచ్చే స్టాండ్‌బై టికెట్‌తో ఆఖరి ఫ్లైట్‌ను నమ్ముకోకండి. అది దొరక్కపోతే రాత్రి 9కి గన్నవరం నుంచే కారు తిప్పుతారు, అన్నిటికంటే చెడ్డ ప్రయాణం అదే. మీరు ఎంచుకున్న ఫ్లైట్ తర్వాత ఇంకొకటైనా ఉండాలి. సాయంత్రం 5 దాటినా సీటు ఖాయం కాకపోతే సొంత డబ్బుతో మామూలు టికెట్ కొనండి, లేదా సికింద్రాబాద్ రైలెక్కండి. డిసెంబర్, జనవరిలో పొగమంచు వల్ల గన్నవరంలో పొద్దుటి ఫ్లైట్లు ఆలస్యమవుతుంటాయి కాబట్టి ఆ రెండు నెలలు అదే రోజు ఉదయం వెళ్లే ప్లాన్ అసలే వద్దు.

శంషాబాద్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది అద్దెకు తీసుకోవడం నా దృష్టిలో మందుల కంటే పెద్ద వైద్యం. కిటికీకి వెలుగు చొరబడని మందపాటి పరదా, మంచం పక్కన ఫోన్ లేకపోవడం, ఈ రెండూ ముఖ్యం. రాత్రి 11.40కి దిగిన రోజు స్నానం చేసి, కాస్త పెరుగన్నం తిని ఒంటిగంటకు పడుకుంటే 8 దాకా నిద్రపోవచ్చు. తర్వాత 9.30కి కారు తీస్తే భోజనం వేళ కాస్త దాటాక ఇంట్లో ఉంటారు. అలసట మరీ మించిన రోజు ‘ఈరోజు ఎగరలేను’ అని ఫెటీగ్ రిపోర్ట్ ఇచ్చే హక్కు మీకు ఉంది, వాడుకోండి.

కారులో వెళ్లక తప్పని రోజున పగలే వెళ్లండి, అదీ డ్యూటీకి ముందు రోజు. సగం దూరంలో సూర్యాపేట ఉంది, అక్కడ తప్పకుండా ఆగండి. మత్తుగా అనిపిస్తే ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు పడుకోండి. కెఫీన్ పని చేయడం మొదలుపెట్టేసరికి దాదాపు అంత సమయమే పడుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అరగంట దాటి పడుకుంటే గాఢ నిద్రలోకి జారి, లేచాక బుర్ర ఇంకా మొద్దుబారుతుంది. లేచిన వెంటనే కారు తీయకుండా పది నిమిషాలు నడవండి. రోడ్డు అంచున కాదు, హోటల్ ఆవరణలోనో బంకులోనో ఆపండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలన్నీ బిగించి, ఏసీలో పడుకోవడం మాత్రం వద్దు. పొగ గొట్టం ఎక్కడైనా లీకైతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. రాత్రి 11కి తాగిన కాఫీలో సగం ప్రభావం తెల్లవారి 4 దాకా ఒంట్లోనే ఉంటుంది. ఇంటికొచ్చాక నిద్ర సరిగా పట్టడం లేదంటే అదీ ఒక కారణమే. బిర్యానీ కడుపు నిండా తిని ఎక్కితే కోదాడ చేరకముందే రెప్పలు బరువెక్కుతాయి.

నడుం నొప్పికి కారు సీటు, కాక్‌పిట్ సీటు రెండూ బాధ్యులే. కారు సీటు వెనుక భాగం నిటారు కంటే కాస్త వెనక్కి, 100 నుంచి 110 డిగ్రీలు ఉండాలి. నడుం వంపులో చుట్టిన చేతి టవల్ పెట్టండి. వెనుక జేబులో పర్సు ఉంటే తీసేయండి, ఒక పిరుదు పైకి లేచి వెన్ను పక్కకు వంగుతుంది. ముఖ్యంగా ఐదు గంటలు కూర్చుని లేవగానే డిక్కీలోంచి ఫ్లైట్ బ్యాగ్ వంగి, మెలి తిరిగి తీయకండి. అప్పటికి వెన్ను చుట్టూ ఉన్న లిగమెంట్లు సాగి ఉంటాయి. రెండు నిమిషాలు నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని ఐదారుసార్లు వెనక్కి వంగి, అప్పుడు బ్యాగ్ తీయండి. కాల్లోకి తిమ్మిరి పాకినా, మూత్రం ఆపుకోవడం కష్టమైనా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కారైనా విమానమైనా నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఒక్క పిక్కే వాచి నొప్పి పుడితే నిర్లక్ష్యం చేయొద్దు.

చెవుల విషయం. జలుబు ఉన్నప్పుడు ముక్కు వెనుక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచి మూసుకుంటుంది. విమానం దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంది, గాలి లోపలికి వెళ్లలేక కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. పైలట్ సీట్లో కూర్చున్నా, ప్రయాణికుడిగా కూర్చున్నా ఇందులో తేడా లేదు. నోరు, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే రెండు చెవులూ తెరుచుకుంటున్నాయా చూసుకోండి. తెరుచుకోకపోతే ఆ రోజు విమానం వద్దు, సిక్ లీవ్ పెట్టండి. మెడికల్ షాపులో సెట్రిజిన్ కొనుక్కుని వేసుకోవడం అసలు వద్దు. దాని మత్తు విమానానికీ పనికిరాదు, కారుకూ పనికిరాదు. ఏ మందైనా పైలట్ల ఫిట్‌నెస్ పరీక్షించే మీ మెడికల్ ఎగ్జామినర్‌ను అడిగాకే.

మీరు చివర్లో రాసిన గురకను ప్రాముఖ్యంలో నేను మొదట పెడతాను. గురకతో పాటు మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తోందా అని మీ ఆవిడను అడగండి. కాలర్ దగ్గర మెడ చుట్టుకొలత టేపుతో కొలవండి, 16 అంగుళాలు దాటితే అనుమానించాల్సిందే. పొద్దున్నే తలనొప్పి, బీపీ పెరగడం, ఎనిమిది గంటలు పడుకున్నా లేచాక మత్తు వదలకపోవడం కూడా నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియా లక్షణాలే. అది ఉంటే మీరు ఎన్ని గంటలు పడుకున్నా లెక్కలోకి రాదు, పైన చెప్పిన లెక్కలన్నీ ఇంకా దిగజారతాయి. ఊపిరితిత్తుల నిపుణుణ్నో, ఈఎన్‌టీ వైద్యుణ్నో కలిసి ఒక రాత్రి స్లీప్ స్టడీ చేయించుకోండి. మెడికల్ సర్టిఫికెట్ పోతుందన్న భయంతో దాచిపెట్టకండి. నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారి మూసుకోకుండా చూసే సీప్యాప్ యంత్రం రోజూ వాడి అదుపులో ఉన్నట్టు చూపిస్తే మళ్లీ ఫిట్‌నెస్ పొందిన పైలట్లు ఉన్నారు, నిర్ణయం మాత్రం ఎగ్జామినర్‌దే. పైన కారు గురించి ఏం చెప్పినా, పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా, పగలైనా సరే, హైవే మీద స్టీరింగ్ ఇంకెవరికైనా ఇవ్వండి.