ప్రత్యయాల ఆట: పట్టిక కంటే ముందు చీటీలు

మూడవ తరగతి పిల్లలు ప్రత్యయాల (మాట చివర చేరి కొత్త రూపాన్నిచ్చే భాగాల) పట్టికను తప్పులేకుండా అప్పజెప్పినా, కొత్త మాటలో వాటిని గుర్తించలేకపోతున్నారని మీరు రాశారు. పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఒక్క ప్రత్యయంతోనే ఆట మొదలుపెట్టండి.

‘తనం’ అని రాసిన చీటీని ఒకరి చేతికిచ్చి, మంచి, చిన్న, గొప్ప, సోమరి, బల్ల, పరుగు అనే చీటీలను మిగిలినవారికి పంచండి. తనం చీటీ ఉన్న విద్యార్థి ఒక్కొక్కరి పక్కన నిలబడుతుంటే, తరగతి అంతా ఆ జంటను బిగ్గరగా చదివి, అది మనం నిజంగా వాడే మాటేనా అని తేల్చాలి. ‘బల్లతనం’ దగ్గర వచ్చే నవ్వును దయచేసి ఆపకండి, ఎందుకంటే ప్రత్యయం ఎక్కడ అతకదో వారికి తెలిసేది అక్కడే.

‘అకం’ కొంచెం కష్టం. అమ్ము, నమ్ము, వాడు అని నల్లబల్ల మీద రాసి, చివరి కొమ్మును పిల్లల చేతనే చెరిపించి, అమ్మకం, నమ్మకం, వాడకం అని పూర్తి చేయించండి. ఉకారం పోయే సంగతిని విడిగా వివరించవలసిన అవసరం పెద్దగా ఉండదు.

మాట చివర చేరే కి, కు వంటి విభక్తులలో ‘బడికి’, ‘చెట్టుకు’ వంటి తేలిక జంటలతో మొదలుపెట్టండి. ‘ఇల్లు’ అనేది ‘ఇంటికి’ అయ్యే తీరును మాత్రం, ఇవి స్థిరపడేవరకు ఆటలోకి తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం.