ఆల్చిప్పల బస్తాలు వేస్తే ఒడ్డు కోత ఆగుతుందా?

ఒడిశాలోని గంజాంలో బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మీ పేట ఒడ్డు ఏటా కోసుకుపోతోందనీ, అమెరికాలో లాగా ఆల్చిప్పల దిబ్బలు పెంచితే ఆగుతుందేమోననీ అడిగారు. సున్నం బట్టీకి పోయే చిప్పలను బస్తాలకెత్తి తీరం వెంట వేద్దామన్నది మీ ఆలోచన. సముద్రం వైపు మాత్రం వద్దు. మొగ లోపల, ఏటి గట్టు వెంట అయితే ప్రయత్నించవచ్చు, అదీ ఒక పరీక్ష చేశాకే.

నేను సోనాపూర్ వైపు పేటలో పెరిగాను, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. మా వాళ్ళు ఉలి, సుత్తి పట్టుకుని ఆల్చిప్పల కోసం వెళ్ళేది రాళ్ళ దగ్గరికీ, వంతెన స్తంభాల దగ్గరికీ. ఉత్త బురదలోనో ఇసుకలోనో ఎవరూ వెతకరు. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీటిలో ఈదుతూ తిరిగి, గట్టి చోటు దొరకగానే అతుక్కుంటుంది. ఆ తర్వాత కదలదు. దానికి బాగా నచ్చే చోటు మరో ఆల్చిప్ప పెంకు. చచ్చినవాటి పెంకుల మీద కొత్తవి పట్టుకుంటూ పోతేనే దిబ్బ లేస్తుంది. ఆ సందుల్లోనే పీతలు, రొయ్య పిల్లలు తలదాచుకుంటాయి. పెంకులన్నీ బట్టీకి తోలేస్తే, తల్లులు మిగిలి ఉన్నా పిల్లలకు చోటుండదు.

కాబట్టి మీ ఏటిలో కొరత దేనికో ముందు తేల్చుకోవాలి. పిల్లలు వస్తున్నా చోటు లేకపోతే పెంకులు వేసినందుకు ఫలితం ఉంటుంది. పిల్లలే రాకపోతే ఎన్ని బస్తాలు పోసినా దండగే. అమెరికాలోని చీసపీక్ అఖాతంలో ఆల్చిప్పలను అతిగా ఏరడానికి తోడు వాటికి రోగాలు కూడా చుట్టుకున్నాయి. అందుకే మేరీల్యాండ్ వైపు హేచరీలో, అంటే పిల్లలను పుట్టించే కేంద్రంలో, పెంకుల మీద పిల్లలను పట్టించి మరీ ఏటిలో వదులుతున్నారు. మనకు అంత ఖర్చు కుదరదు.

పరీక్షకు ఖర్చు పెద్దగా లేదు. పెంకులకు బెజ్జం పెట్టి నైలాను తాటికి గుచ్చి, ఏటిలో పాతిన కర్రలకు వేర్వేరు చోట్ల వేలాడదీయండి. మేము మిత్రులం కలిసి ఇలాగే చేశాం. పాటులో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, ఎక్కువసేపు ఎండిన పైపెంకులు ఖాళీగా ఉన్నాయి, అడుగున ఉన్నవి బురదలో కూరుకుపోయాయి, నడుమ ఉన్నవాటికి చక్కగా పట్టాయి. మొగకు దగ్గరగా కట్టిన తాళ్ళకే ఎక్కువ పట్టాయి. వేళ కూడా ముఖ్యమే. మరీ ముందుగా కడితే పడవ అడుగున పట్టే గరుకు గుల్లలు వచ్చి చోటంతా ఆక్రమిస్తాయి. వానాకాలపు మంచినీరు వెళ్ళిపోయి ఏటిలో ఉప్పు తిరిగి పెరిగాక, సంక్రాంతి తర్వాత కట్టండి.

వరద సంగతి మరవకండి. ఆల్చిప్ప నోరు మూసుకుని మంచినీటిని కొన్నాళ్ళే ఓర్చుకోగలదు. 2018లో తిత్లీ తుఫానుకు ఏరు పొంగిన తర్వాత మేము చూసిన స్తంభాల మీద చాలావరకు నోళ్ళు తెరిచిన పెంకులే మిగిలాయి. మళ్ళీ పట్టాయి కానీ, అందుకు సమయం పట్టింది.

ఇక సముద్రం వైపు ఎందుకు వద్దంటే, ఈ దిబ్బలు అలల జోరు తగ్గించేది అఖాతాల్లో, ఏటి మొగల్లో, అంటే నీరు కాస్త నిమ్మళంగా ఉండే చోట. గంజాం తీరంలో అల నేరుగా విరుచుకుపడుతుంది, ఇసుక ఉత్తరానికి కదులుతూనే ఉంటుంది. బస్తాలు చినుగుతాయి, లేదా ఇసుకలో పూడిపోతాయి. పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరమిది, ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా పడేయకూడదు. ఏటిలో వేసినా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. అటవీ, మత్స్య శాఖల వారిని అడగకుండా పెద్ద ఎత్తున పని మొదలుపెట్టకండి.

ఒక్కో ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల నీరు వడకడుతుందన్న మాట మీరూ వినే ఉంటారు. అది అమెరికా తూర్పు తీరపు జాతికి, అన్నీ కుదిరిన రోజున వేసిన గరిష్ఠ లెక్క. మన ఏళ్ళలో పెరిగేది వేరే జాతి, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్. ఇదీ నీరు వడకడుతుంది, కానీ శాఖల వారికి పెట్టే అర్జీలో ఆ అంకెను రాయకండి.

వడకట్టే జీవి కనుక మురుగులోని సూక్ష్మజీవులు దాని ఒంట్లోనే చేరతాయి. ఊరి కాలువ కలిసే చోట పెంచిన దిబ్బ నుంచి కూరకు తీయకండి. శుభ్రమైన చోటివైనా పచ్చిగా తినవద్దు. మా ఇంట్లో బాగా ఉడికించి, అప్పటికీ నోరు తెరవనివి ఏరి పారేస్తారు.