ఆర్డరు వంద, అందినవి అరవై

సంస్థల సమాచార వ్యవస్థలను విశ్లేషించడం, రూపొందించడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను కామర్స్ డిగ్రీ చదివి ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సిస్టమ్స్ అనాలిసిస్ నేర్చుకోవాలని మూడు నెలలుగా పాఠ్యపుస్తకం చదువుతున్నాను. డేటా ఫ్లో డయాగ్రమ్, ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) డయాగ్రమ్, యూజ్ కేస్, అన్నీ గీయడం వచ్చింది. కానీ మా విభాగంలో రోజూ జరిగే పనిని గీయబోతే మాత్రం చేయి ఆడడం లేదు. ప్రోగ్రామింగ్ రాకపోవడమే దీనికి కారణమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ప్రోగ్రామింగ్ రాకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. పాఠ్యపుస్తకాలు పటాలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటిగా నేర్పుకుంటూ పోతాయి గనుక, ఏ పటం ఏ చిక్కును విప్పడానికి పుట్టిందో చదివేవారికి తెలియకుండా పోతుంది. 1970ల చివర్లో టామ్ డిమార్కో, గేన్, సార్సన్ వంటివారు డేటా ఫ్లో డయాగ్రమ్‌ను ప్రచారంలోకి తెచ్చే నాటికి, కొత్త వ్యవస్థకు ఏమేం కావాలో చెప్పే నివేదికలు లావుపాటి సంపుటాలుగా ఉండేవి. వాటిని ఆసాంతం చదివి సంతకం పెట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. సమాచారం ఎక్కడి నుంచి వచ్చి, ఏ పనిలో ఎలా మారి, ఎవరి చేతికి పోతున్నదో చూడగానే తెలియాలన్నది ఆ పటం ఉద్దేశం. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈఆర్ నమూనా వేరే సంగతి అడుగుతుంది: ఈ సంస్థ ఏయే విషయాలను గుర్తుపెట్టుకోవాలి, వాటి మధ్య ఉన్న సంబంధాలు ఏమిటి? ఇవార్ జాకబ్‌సన్ తెచ్చిన యూజ్ కేస్, ఈ వ్యవస్థ దగ్గరికి ఎవరు ఏ పని మీద వస్తారని అడుగుతుంది. మీకు గీతలు వచ్చాయి గానీ, ఈ ప్రశ్నలను మీ విభాగానికి మీరు ఇంకా వేయలేదు.

అందువల్ల పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టి, మీ కార్యాలయంలో ఒకే ఒక కాగితాన్ని ఎంచుకుని, అది పుట్టిన చోటి నుంచి ఫైల్లో చేరేదాకా దాని వెంట వెళ్లండి. కొనుగోలు ఆర్డరును తీసుకుందాం. సరుకు వచ్చాక ఏం చేస్తారని స్టోర్స్ గుమాస్తాను అడిగితే, "సరుకు వస్తుంది, ఆర్డరుతో సరిచూస్తాం, రిజిస్టర్‌లో ఎక్కిస్తాం" అని మూడు ముక్కల్లో చెప్పేస్తారు. అది అబద్ధం కాదు. అయితే అది నియమం మాత్రమే. నిన్నటి పని అలాగే జరిగిందని ఆ మాటకు అర్థం కాదు. "కిందటిసారి ఇలా కుదరనిది ఎప్పుడు?" అని అడగండి. అప్పుడు ఆర్డరు నకలు ఒకటి బయటికి వస్తుంది. 100 కావాలని రాస్తే 60 మాత్రమే వచ్చాయి. దాని మూలన పెన్సిల్‌తో "40 రావాలి" అని రాసి ఉంటుంది.

ఆ పెన్సిల్ రాతలోనే మీ విశ్లేషణ అంతా ఉంది. దాన్ని చూడని డిజైనరు ఆర్డరు స్క్రీన్ మీద "సరుకు అందినదా? అవును, కాదు" అని ఒక గడి పెట్టి ఊరుకుంటాడు. గుమాస్తా "అవును" అంటే 100కూ చెల్లింపు జరిగిపోయి, రావలసిన 40 సంగతి మరుగున పడుతుంది. "కాదు" అంటే అరల్లో కళ్లెదుట ఉన్న 60 వస్తువులు కంప్యూటర్ లెక్కలో లేనట్టే అవుతాయి. రెండు జవాబులూ తప్పే కాబట్టి, తప్పు ఆ గడిది. సరైన డిజైనులో ఆర్డరు వేరు, సరుకు అందిన సందర్భం వేరు. ఒక ఆర్డరులో ఎన్నో వరుసలు ఉంటాయి, ఒక్కొక్క వరుసకు సంబంధించిన సరుకు ఎన్ని విడతల్లోనైనా రావచ్చు, ప్రతి విడతకూ దాని తేదీతో, పరిమాణంతో ఒక రికార్డు ఉండాలి. ఇంకా రావలసింది ఎంత అన్నది ఎక్కడా రాసి పెట్టనక్కర లేదు, తీసివేస్తే తెలుస్తుంది. సరఫరాదారు పంపిన ఇన్‌వాయిస్‌ను ఆర్డరుతోనూ, అందిన సరుకుతోనూ సరిచూసి గానీ డబ్బు చెల్లించకూడదన్న పద్ధతి మీ విభాగంలో ఉండే ఉంటుంది. మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసే ఆ పనికి వ్యవస్థలో చోటు దొరకాలంటే, అవి మూడూ విడివిడిగా నిలిచి ఉండాలి.

ఇంకొక మాట. ఫారాలు సేకరించేటప్పుడు ఖాళీవి తీసుకోకండి, నింపినవి అడగండి. ఖాళీ ఫారం చూస్తే పై అధికారి కోరుకున్నదే తెలుస్తుంది. నింపిన ఫారాలు ఓ యాభై ముందేసుకుంటే, ఏ గడిని ఎవరూ పూరించడం లేదో, ఒకదానికి ఉద్దేశించిన గడిలో ఇంకేం రాస్తున్నారో, అంచుల్లో ఏం ఇరికిస్తున్నారో కనిపిస్తుంది. నా మటుకు నేను ఏ కార్యాలయానికి వెళ్లినా ముందు "రిమార్కులు" అన్న గడే చదువుతాను. వ్యవస్థలో చోటు దొరకని సంగతులన్నీ వచ్చి తలదాచుకునేది అక్కడే.

అకౌంట్స్ నుంచి వచ్చినందుకు మీరు వెనుకబడ్డానని అనుకోవద్దు. జమాఖర్చులు సరితూగాలన్న పట్టుదల ఈ పనికి బాగా అక్కరకు వస్తుంది. డేటా ఫ్లో డయాగ్రమ్‌లో ఒక పనిని విడదీసి లోపలి పటం గీస్తే, పై పటంలో ఆ పనికి వచ్చిపోయే సమాచారమంతా లోపలి పటంలోనూ కనిపించాలి; దీన్ని బ్యాలెన్సింగ్ అనే అంటారు. ఏ సమాచారమూ అందుకోకుండానే ఫలితం ఇచ్చే పనిని మిరకిల్ అనీ, సమాచారాన్ని మింగి ఏమీ బయటపెట్టని పనిని బ్లాక్ హోల్ అనీ ఈ రంగంవారు ఎగతాళిగా పిలుస్తారు. లెడ్జరు తెలిసిన కంటికి ఈ రెండూ ఇట్టే దొరుకుతాయి. 1951లో బ్రిటన్‌లోని లయన్స్ కంపెనీ లియో అనే కంప్యూటర్‌ను తన వ్యాపార లెక్కలకు వాడడం మొదలుపెట్టినప్పుడు, ఏ పనిని దానికి ఎలా అప్పగించాలో నిర్ణయించిన డేవిడ్ కామినర్ ఆ కంపెనీ కార్యాలయ పద్ధతుల విభాగం నుంచి వచ్చినవాడే. తొలి సిస్టమ్స్ అనలిస్టుగా ఆయనను చెప్పుకోవడం పరిపాటి.

ప్రశ్న: డేటాబేస్ డిజైన్ అభ్యాసంగా బిల్లింగ్ వ్యవస్థ తయారుచేశాను. వస్తువు ధర వస్తువుల పట్టికలో ఉన్నది కాబట్టి బిల్లు వరుసలో మళ్లీ రాయలేదు. ఒకే సంగతిని రెండు చోట్ల ఉంచడం నార్మలైజేషన్‌కు, అంటే పునరుక్తి లేకుండా పట్టికలను విడదీసే పద్ధతికి, విరుద్ధమని చదివాను. మా సీనియర్ మాత్రం బిల్లులోనూ ధర ఉండి తీరాలంటున్నారు. ఎవరిది సరి?

సమాధానం: మీ సీనియర్ మాటే సరి, అందులో నార్మలైజేషన్‌కు భంగమేమీ లేదు. 1970లో ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా ఉంచే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన నాటి నుంచీ చెబుతున్నది, ఒక సంగతి ఒక్క చోటే ఉండాలని. మీరు ఒకే సంగతి అనుకున్నవి నిజానికి రెండు. వస్తువుల పట్టికలో ఉన్నది ఈ రోజు ధర. బిల్లులో ఉండవలసినది ఆ అమ్మకం నాడు కొన్నవారితో ఒప్పుకున్న ధర. రెండు అంకెలూ ఈ రోజు ఒకటే కావడం యాదృచ్ఛికం. మీ డిజైనులో వచ్చే నెల ధర పెంచిన మరుక్షణం పాత బిల్లులన్నీ వాటంతటవే మారిపోతాయి. నిరుడు వసూలైన మొత్తానికీ కంప్యూటర్ చూపే మొత్తానికీ పొంతన ఉండదు.

ఇలాంటి సందేహం వచ్చినప్పుడల్లా, ఇది మారితే అదీ మారాలా అని అడిగి చూడండి. కొనుగోలుదారు చిరునామా మారితే, ఇంకా పంపని సరుకు కొత్త చిరునామాకు వెళ్లాలి, కిందటేటి ఇన్‌వాయిస్ మీద మాత్రం పాత చిరునామాయే ఉండాలి. జవాబు చెప్పవలసినది ఆ పని చేసేవారు. నార్మలైజేషన్‌లోని నార్మల్ ఫారాల (నార్మల్ ఫార్మ్‌ల) సూత్రాలు ఎంత కంఠతా వచ్చినా, ఏ గడి దేని మీద ఆధారపడుతుందో సంస్థను అడిగి తెలుసుకోనిదే వాటిని ప్రయోగించడానికి వీలు లేదు. పాఠ్యపుస్తకాల్లో ఆ ఆధారాలను ముందే ఇచ్చేస్తారు గనుక లెక్క సులువుగా తేలిపోతుంది.

ప్రశ్న: ఇప్పుడంతా సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసే అజైల్ పద్ధతి కదా. ముందుగా కూర్చుని విశ్లేషించడం ఒక దశ ముగిశాకే మరో దశకు దిగే, పాతబడిన వాటర్‌ఫాల్ అలవాటని అంటున్నారు. ఇంకా దీన్ని నేర్చుకోవడం దేనికి?

సమాధానం: వాటర్‌ఫాల్‌కు మూలమని అందరూ చూపించే విన్‌స్టన్ రాయిస్ వ్యాసం 1970 నాటిది. మెట్లు ఒకదాని కింద ఒకటి దిగే ఆ బొమ్మ అందులో ఉన్న మాట నిజమే. అయితే, పరీక్షలన్నీ చివరికి వాయిదా వేసే ఆ పద్ధతిని యథాతథంగా పాటిస్తే ప్రమాదమని హెచ్చరించినవాడూ ఆయనే. 2001లో 17 మంది కలిసి ప్రకటించిన అజైల్ మేనిఫెస్టో కూడా దస్తావేజుల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామన్నది గానీ, ఆలోచించవద్దని అనలేదు. అజైల్‌లో విశ్లేషణను కొంచెం కొంచెంగా, రెండేసి వారాలకోసారి చేయవలసి వస్తుంది. చేసే తీరు తెలియనివారికి ఆ తొందరలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. స్క్రీన్ ఎలా ఉండాలి, రిపోర్టులో ఏ వరుస ముందు రావాలి వంటివి తర్వాత ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. "కొనుగోలుదారు" అంటే ఒక వ్యక్తా, ఒక సంస్థా, ఆ సంస్థలోని ఒక్కొక్క శాఖా అన్నది మాత్రం మొదటి రెండు వారాల్లోనే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండేళ్ల డేటా పేరుకున్నాక దాన్ని మార్చడమంటే ప్రతి రికార్డునూ మళ్లీ ముట్టుకోవడమే.

ప్రశ్న: పటాలు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

సమాధానం: మొదటి ఆరు నెలలూ కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. అచ్చువేసినంత నున్నగా ఉన్న పటాన్ని ముందుంచితే, పని చేసేవారు మొహమాటపడి "బాగుందండీ" అని తిరిగి ఇచ్చేస్తారు. వంకర గీతల కాగితం చూపించి పెన్సిల్ కూడా వారి చేతికే ఇవ్వండి. "ఇది ఇలా కాదండీ, ఈ కాగితం ముందు మా దగ్గరికి రాదు" అంటూ వారే ఒక బాణాన్ని కొట్టేసి మరో వైపు గీస్తారు.