జీపీఎస్ పరికరానికి ఇంటర్నెట్ తప్పనిసరా?

ప్రశ్న: వైఫై, కెమెరా ఉన్న చేతి జీపీఎస్ పరికరం కొన్నాను. ఇంటర్నెట్ అందని అడవిలో అది దారి చూపుతుందా? దానితో తీసిన ఫొటోల్లో ఆ చోటు కూడా నమోదవుతుందంటారు, నిజమేనా?

జవాబు: తప్పకుండా చూపుతుంది. మీరున్న చోటును కనుక్కోవడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల రేడియో సంకేతాలు తనను చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి పరికరం దూరాలను లెక్కకడుతుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతోపాటు తన గడియారంలోని తేడాను కూడా తేల్చుకోవాలి కాబట్టి కనీసం 4 ఉపగ్రహాలు అందాలి.

వైఫై అవసరమయ్యేది మ్యాపుల కోసం. చాలామంది పొరపడేది ఇక్కడే: ఇంట్లో మ్యాపు తెరిచి చూస్తారే తప్ప దాన్ని మెమరీలోకి దించుకోరు, తీరా అడవిలోకి వెళ్లాక స్థానాన్ని తెలిపే బాణం గుర్తు ఒక్కటే ఖాళీ తెర మీద కదులుతూ కనిపిస్తుంది. అందుకే బయలుదేరే ముందు వైఫై ఆపేసి, మీరు వెళ్లబోయే ప్రాంతాన్ని తెర మీద బాగా పెద్దది చేసి, కాలిబాటలు కూడా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అదనపు బ్యాటరీని మాత్రం మరవకండి.

ఫొటోల గురించి మీరు విన్నది నిజమే. స్థాన నమోదు ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఫొటో ఫైలులోనే చేరతాయి. బాట రెండుగా చీలే చోట ఒక ఫొటో తీసి ఉంచుకుంటే తిరుగు ప్రయాణంలో ఎంతో అక్కరకొస్తుంది. అయితే పరికరం ఆన్ చేసిన వెంటనే కాకుండా, ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు ఆగి, స్థానం స్థిరపడ్డాకే తీయండి. ఇంటి దగ్గర తీసిన ఫొటోలను ఇతరులకు పంపేటప్పుడు ఆ వివరాలను తొలగించండి.