గిటార్ రికార్డ్ చేస్తుంటే సౌండ్ పగులుతోంది, వాల్యూమ్ తగ్గించినా పోవట్లేదు, ఎందుకు?

పోదు మరి. ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) వెళ్లేటప్పుడే సిగ్నల్ హద్దు దాటి పైభాగం తెగిపోతే, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ (వాల్యూమ్ స్లైడర్) ఎంత కిందికి లాగినా ఆ పగిలిన సౌండే చిన్నగా వినిపిస్తుంది తప్ప బాగుపడదు. తగ్గించాల్సింది ఇంటర్‌ఫేస్ మీదున్న గెయిన్ నాబ్. పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ (టెస్ట్ చేసేటప్పుడు అందరం మెల్లగానే మీటుతాం, అక్కడే దెబ్బ) మీటర్ -12 డీబీ దాటకుండా చూసుకోండి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నంత కాలం లెవెల్ తక్కువైందని టెన్షన్ అక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు.

మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇంటర్‌ఫేస్ మీదున్న ఇన్‌స్ట్ (INST) లేదా హై-జెడ్ (Hi-Z) బటన్ ఆన్‌లో ఉండాలి. గెయిన్ సున్నాకి తెచ్చినా ఎర్ర లైట్ (సిగ్నల్ హద్దు దాటిందని చెప్పేది) వెలుగుతుంటే ప్యాడ్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే బటన్) నొక్కండి, అది లేకపోతే గిటార్ వాల్యూమే కాస్త తగ్గించండి. యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ని మాత్రం ఎప్పుడూ ఇంటర్‌ఫేస్‌కి పెట్టొద్దు, కాలిపోవచ్చు.

గిటార్‌లో యాక్టివ్ పికప్స్ (బ్యాటరీతో పనిచేసేవి) ఉంటే 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. నేను రెండు సాయంత్రాలు కేబుల్స్ మారుస్తూ కూర్చున్నాను, చివరికి చూస్తే బ్యాటరీ అయిపోయింది.

ఎర్ర లైట్ అసలు వెలగకుండా టిక్ టిక్‌మని చిటపటలు మాత్రమే వస్తుంటే అది గెయిన్ గొడవ కాదు, కంప్యూటర్ అందుకోలేకపోతోంది. సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే సౌండ్ ముక్క సైజు) 64 శాంపిల్స్‌లో ఉంటే 256కి పెంచండి.