టర్బో బిగిస్తున్న అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ మా ఇంటికి వచ్చి, నీవు కెనడాలోని కాల్గరీలో కొన్న స్నోమొబైల్‌కు, అంటే ఆ మంచు మీద నడిచే బండికి, ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో కిట్టు బిగిస్తున్నావనీ, బూస్టూ (ఆ తోసే గాలి పీడనం) పెట్రోలూ నీ అంతట నీవే సరిచేసుకుంటానంటున్నావనీ చెప్పింది. ఆమె ఫోనులో చూపించిన ఫొటోలో నీవు స్పానరు పట్టుకున్న తీరును చాలాసేపు చూశాను. కుడి చేత్తో స్పానరు, ఎడమ చూపుడువేలితో నట్టు అంచును తడుముతూ కూర్చున్నావు. అది మన షెడ్డులో అబ్బిన అలవాటు. అన్నం తింటూ మీ పెద్దమ్మకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. ఆ సంతోషంతోనే పడుకున్నాను గానీ, అర్ధరాత్రి మెలకువ వచ్చిన తరువాత మళ్ళీ నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

స్నోమొబైల్‌ను నేను కంటితో చూడలేదు. నీవు మీ నాన్నకు పంపిన వివరాలు మాత్రం తెప్పించుకుని చదివాను. రెండు సిలిండర్లు, 850 సీసీ, టూ స్ట్రోక్, ఇంజెక్టర్లతో నడిచే పెట్రోలు ఇంజిన్. ఆ చివరి మాట దగ్గరే నా భయం మొదలయింది. నీవు పని నేర్చుకున్నది నా దగ్గర. నా దగ్గర నీవు నేర్చుకున్నదంతా డీజిల్ పని. పదో తరగతి సెలవుల్లో పంపు విడిభాగాలను ట్రేలో కడిగిన నాటి నుంచి నీ కంటికీ చెవికీ చేతికీ పట్టినవన్నీ డీజిల్ ఇంజిన్ గుణాలు. అవి ఈ బండి దగ్గర నీకు సాయం చేయవు. కొన్నిచోట్ల నేరుగా ఎదురు తిరుగుతాయి.

డీజిల్‌లో గాలికి అడ్డు లేదు. సిలిండర్ పట్టినంత గాలి ప్రతిసారీ లోపలికి వస్తుంది, మనం ఎంత డీజిల్ పంపిస్తే అంత బలం వస్తుంది. డీజిల్ ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది, టర్బో కాలుతుంది. కాబట్టి పొగ కనిపిస్తే తగ్గించమని నీకు నేర్పాను. టర్బో లారీల పంపు మీద ఉండే డయాఫ్రమ్ పని కూడా అదే, బూస్ట్ వచ్చేదాకా అది డీజిల్‌ను ఆపి ఉంచుతుంది. గాలి పెంచి డీజిల్ పెంచకపోతే ఆ ఇంజిన్‌కు వచ్చే కష్టమేమీ లేదు, ఇంకా చల్లగా నడుస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఇదంతా తలకిందులు. అక్కడ పెట్రోలు మండటానికే కాదు, పిస్టన్‌ను చల్లబరచటానికి కూడా కావాలి. పూర్తి రేజులో, బూస్ట్ మీద ఉన్నప్పుడు పెట్రోలు కాస్త కరువైతే చాలు, సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, మంట తన వేళ కాని వేళ పేలుతుంది, అల్యూమినియం పిస్టన్ మెత్తబడుతుంది. అంటే డీజిల్ ఇంజిన్‌ను కాల్చేది ఎక్కువైన ఇంధనం, నీ బండిని కాల్చేది తక్కువైన ఇంధనం.

ఈ ముక్క పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మన షెడ్డు బెంచీ మీద, నీవు చిన్నప్పుడు నట్లు వేసి ఉంచుకున్న పాత పిస్టన్ ఒకటి ఉంది కదా. అది ఎక్కడిదని నీవు ఒకసారి అడిగావు. పాత సామానులే అని మాట దాటేశాను. అది మీ నాన్న రాజ్‌దూత్‌ది.

1987 వేసవి. అప్పటికి నేను పంపుల పనిలో పేరు తెచ్చుకున్నాను. మామిడి కాయల కాలంలో లారీలు మన షెడ్డు ముందు వరుస కట్టేవి. మీ నాన్న తన రాజ్‌దూత్ తెచ్చి, అన్నా, పొగ ఎక్కువ వస్తోంది, పెట్రోలు తాగుతోంది, చూడు అన్నాడు. ప్లగ్గు విప్పి చూశాను. నల్లగా, తడిగా ఉంది. పొగ, నల్ల ప్లగ్గు రెండూ కనబడగానే ఇంధనం ఎక్కువైందని తేల్చేశాను. ఎయిర్ ఫిల్టర్ చూడలేదు. పెట్రోలులో ఆయిల్ ఎంత కలుపుతున్నావని వాడిని అడగలేదు. కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ తీసి చిన్నది వేశాను, సూదిని ఒక గాడి కిందికి దించాను. పనిలో పనిగా సైలెన్సర్ విప్పి అందులో పేరుకున్న మసి అంతా కాల్చి దులిపాను. అంటే ఇంజిన్ ఊపిరి వదిలే దారిని వెడల్పు చేసి, దానికి పెట్టే తిండిని తగ్గించాను. ఆ బండికి ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోస్తాము కాబట్టి, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గించినట్లయింది. అంత సంగతి నాకు ఆనాడు తోచలేదు.

మరునాడు మీ నాన్న పొంగిపోతూ వచ్చాడు. బండి ఎన్నడూ లేనంత చురుగ్గా లాగుతోందనీ, పొగ లేదనీ, చప్పుడు కూడా పలుచబడిందనీ చెప్పాడు. నేనూ మురిసిపోయాను. ఆరిపోయే దీపానికి వెలుగు ఎక్కువ అంటారు, టూ స్ట్రోక్ ఇంజిన్ విషయంలో అది అక్షరాలా నిజం. పెట్రోలు తగ్గుతున్న కొద్దీ బండి తేలికబడినట్లు, పదునెక్కినట్లు అనిపిస్తుంది. ఆ అనిపించటాన్ని నమ్మవద్దు.

నాలుగో రోజు వాడు వెనుక ఒక బస్తా కట్టుకుని పలమనేరుకు బయలుదేరాడు. మొగిలి ఘాట్‌లో, మిట్టమధ్యాహ్నం, మూడో గేరులో పూర్తి రేజు ఇచ్చి ఎక్కుతుండగా బోరు పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండరులో ఇరుక్కుపోయింది. వెనుక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. వాడు రోడ్డు మీద పడ్డాడు. వెనుక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు తొక్కి, వాడి కాళ్ళకు రెండు బారల దూరంలో ఆపగలిగాడు. ఎడమ భుజం దగ్గర కంటె ఎముక విరిగింది. మీ నాన్న ఇప్పటికీ పైఅరలో ఉన్న వస్తువును కుడి చేత్తోనే అందుకుంటాడు, ఎప్పుడైనా గమనించావో లేదో.

ఇసుక మీద జారి పడ్డానని వాడు ఇంట్లో అందరికీ చెప్పాడు. ఆ రాత్రి నేను ఒక్కడినే షెడ్డులో లాంతరు పెట్టుకుని బండి హెడ్డూ సిలిండరూ విప్పాను. సైలెన్సర్ వైపు పిస్టన్ గోడ నున్నగా తుడిచిపెట్టుకుపోయి, ఆ అల్యూమినియం వెండి పూతలాగా బోరుకు అంటుకుని ఉంది. రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ప్లగ్గు విప్పి లాంతరు దగ్గర పెట్టి చూస్తే, తెల్లని పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు కూడా లేని వెండి చుక్కలు మూడో నాలుగో మెరిశాయి. అవి కరిగిన పిస్టన్ తునకలు. మూడు రోజులుగా ఆ ప్లగ్గు ఆ మాటే చెబుతూ ఉండి ఉంటుంది, నేను విప్పి చూడలేదు. జెట్ మార్చింది నేనేనని, ఆ పడిపోవటం నా చేతి పని అని మీ నాన్నకు నేటికీ చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు వాడికి చదివి వినిపిస్తాను.

ఇక నీ బండి సంగతి.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఒకసారికి ఒక్క మార్పే చేయి, చేసిన ప్రతి మార్పునూ, ఆనాటి చలినీ, ఎత్తునూ నోటు పుస్తకంలో రాసుకో.

బూస్ట్ గేజి చూపే అంకె బయటి గాలి మీద ఎంత అదనమో చెబుతుందే గాని మొత్తం గాలి ఎంతో చెప్పదు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్‌ఐ. మీ కాల్గరీ సుమారు 1,045 మీటర్ల ఎత్తున, మన తిరుమల కొండ కంటే కాస్త పైనే ఉంది, అక్కడ పీడనం 13కు అటూ ఇటూ. నీవు వెళతానంటున్న రెవెల్‌స్టోక్ కొండల మీద, 2,100 మీటర్ల దగ్గర, పదకొండున్నర ఉంటే గొప్ప. నీవు 6 పీఎస్‌ఐ బూస్ట్ పెట్టావనుకో, అన్ని చోట్లా గేజి 6 అనే చూపిస్తుంది, ఇంజిన్ మింగే గాలి మాత్రం వేరు. కొండ మీద సరిగ్గా కుదిరిన పెట్రోలు లెక్క, కిందికి దిగాక అదే బూస్ట్‌కు చాలకపోవచ్చు. చలి కూడా ఇలాంటిదే. ఇక్కడ మనకు తెలిసింది ఎండ తీవ్రత, గాలి పలుచబడి ఇంజిన్ నీరసించటం. అక్కడ ఉదయం మైనస్ 25, మధ్యాహ్నం మైనస్ 5 ఉన్న రోజున, ఉదయపు గాలి ఎనిమిది శాతం చిక్కగా ఉంటుంది. మధ్యాహ్నం అంచు మీద సరిపెట్టిన పెట్రోలు మరునాటి ఉదయానికి కరువవుతుంది. కాబట్టి నీవు ఎదుర్కోబోయే అతి చల్లని రోజుకు, అతి తక్కువ ఎత్తుకు లెక్క సరిపెట్టుకుని, మిగిలిన రోజుల్లో కాస్త రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై, నడిచినా ఓర్చుకో.

పెట్రోలు పంపు ప్రెషరు గురించి నీవు తప్పక చూడవలసినది ఒకటుంది. ఇంజెక్టర్ వెనుక 43 పీఎస్‌ఐ ఉందనుకో. ముందు వైపు 10 పీఎస్‌ఐ బూస్ట్ ఎదురొస్తే, దానిని తోసేందుకు మిగిలేది 33 మాత్రమే. అందువల్ల పెట్రోలు సుమారు ఎనిమిదో వంతు తగ్గుతుంది, అదీ సరిగ్గా ఎక్కువ కావలసిన క్షణంలో. పెట్రోలు ప్రెషరును నిలిపే రెగ్యులేటర్‌కు బూస్ట్ గొట్టం కలిపి, బూస్ట్ ఎంత పెరిగితే ప్రెషరు అంత పెరిగేలా ఉందో లేదో, గేజి పెట్టి స్వయంగా చూసుకో. కిట్టు అమ్మినవారి మాట మీద వదిలేయవద్దు.

బూస్ట్ హద్దు దాటకుండా సైలెన్సర్ వైపు గాలిని పక్కకు వదిలే తలుపు వేస్ట్ గేట్. దానికి వెళ్ళే సన్నని రబ్బరు గొట్టాన్ని నా మాటగా ప్రతి ప్రయాణానికి ముందు వేలితో తడిమి చూడు. చిటికెన వేలంత కూడా లేని ఆ గొట్టం ఊడినా, లోపల చెమ్మ గడ్డకట్టి మూసుకుపోయినా, గేటుకు తెరుచుకోమని చెప్పేవారుండరు, బూస్ట్ ఆగకుండా పెరుగుతుంది. చలికి రబ్బరు గట్టిపడి, క్లిప్పు బిగువు సడలుతుంది.

పెట్రోలు బంకులో కనిపించే ఆక్టేన్ అంకె (పెట్రోలు వేళ కాని వేళ పేలకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పేది) చూసి మోసపోవద్దు. కెనడాలో 91 అని రాసిన పెట్రోలు, మన దగ్గర 91 అన్నదీ ఒకటి కాదు, కొలిచే పద్ధతి వేరు. అక్కడి 91 మన లెక్కలో 95 దాకా వస్తుంది. కాబట్టి ఇక్కడివారు చెప్పే బూస్ట్ అంకెలతో పోల్చుకోవద్దు, బంకులో ఉన్నవాటిలో మేలైనదే పోయించు.

సైలెన్సర్‌లో పెట్టే ఆక్సిజన్ సెన్సరు చూపే అంకెను ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. టూ స్ట్రోక్‌లో మండని తాజా గాలి కొంత నేరుగా బయటికి జారిపోతుంది, అందువల్ల సెన్సరు అసలు కంటే లీన్‌గా, అంటే పెట్రోలు కరువైనట్లు, చూపవచ్చు, పైగా ఆయిల్ మసి పట్టి అది త్వరగా పాడవుతుంది. ప్లగ్గు, సైలెన్సర్ వేడి కొలిచే మీటరు, వేళ కాని పేలుళ్ళను పసిగట్టే నాక్ సెన్సరు, ఈ మూడింటి మాటా కలిపి విను. నీ చెవిని మాత్రం ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు. డీజిల్ టకటకల మధ్య పెరిగిన చెవి మనది, ఆ చప్పుడు మనకు ఆరోగ్యంగా వినిపిస్తుంది. హెల్మెట్ లోపల, మంచు చిమ్ముతున్నప్పుడు, పిస్టన్‌ను తినే ఆ సన్నని గిలకల శబ్దం వినబడేలోగా పని అయిపోతుంది.

బూస్ట్ ఎంత పెట్టాలని నన్ను అడిగితే, కొండ తీసుకున్న గాలిని తిరిగి ఇచ్చేంత అంటాను. స్నోమొబైళ్ళు చేసే స్కీ-డూ వారు 2020 మోడల్‌గా ఫ్యాక్టరీ నుంచే తెచ్చిన టర్బో టూ స్ట్రోక్ చేసిన పని అదే, 8,000 అడుగుల ఎత్తు వరకు 165 హార్స్ పవర్ తగ్గకుండా నిలపటం. అంతమంది ఇంజినీర్లు మొదట అక్కడ ఆగారంటే, దానికి కారణం ఉంటుంది. నీవు మొదటి ఏడాది వేస్ట్ గేట్ స్ప్రింగ్ ఇచ్చే బూస్ట్‌ను మించి వెళ్ళవద్దు. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకో.

మీ నాన్న పడినచోట లారీ డ్రైవరు ఉన్నాడు, బంగారుపాళ్యం నుంచి మనిషి వచ్చాడు, గంటలో ఆసుపత్రికి చేర్చారు. నీ బండి ఆగేచోట ఎవరుంటారు? నిన్న రాత్రి నన్ను లేపింది ఆ ఆలోచనే. నిటారు వాలు మధ్యలో ఇంజిన్ పట్టేస్తే, పైన మంచు చరియ ఉంటే, నీవు నడిచి తప్పుకునేటంత వ్యవధి ఉండదు. మంచు కింద చిక్కుకున్న మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లోనే బయటికి తీయాలట, తీసేది పక్కనున్నవారే గాని దూరం నుంచి వచ్చేవారు కాదట. అవలాంచ్ కెనడా వారు చలికాలంలో రోజూ ఇచ్చే మంచు చరియల హెచ్చరికను చదవనిదే బయలుదేరవద్దు. మంచు కింద ఉన్నా నీ జాడ తెలిపే ట్రాన్స్‌మిటర్ ఒంటి మీద, పార, గుచ్చి వెతికే కడ్డీ సంచిలో ఉండాలి, తోడుగా వచ్చేవారి దగ్గర కూడా ఉండాలి. కొత్తగా మార్చిన ట్యూనింగును ఎప్పుడూ వాలు మీద పరీక్షించకు, చదునైన చోట, రోడ్డుకు దగ్గరలో పరీక్షించు. ఒంటరిగా వెళ్ళావని తెలిస్తే నీతో మాట్లాడను, నాయనా. అంత మాట నేను నిలబెట్టుకోలేనని నీకు తెలుసు, అయినా రాస్తున్నాను.

మొదటిసారి పూర్తి రేజులో కాసేపు లాగాక, రేజు తగ్గించి నెమ్మదిగా తిరిగి రాకుండా, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి ప్లగ్గులు విప్పు. ఇంజిన్ ఐడిలింగులో తిరిగితే ఆ రంగు మారిపోయి అబద్ధం చెబుతుంది. పింగాణీని వెలుతురుకు ఎదురుగా పెట్టి, భూతద్దంతో, ఆ వెండి చుక్కల కోసం వెతుకు. ఒక్కటి కనిపించినా ఆనాటికి బండి ట్రెయిలరు ఎక్కాలి.

ఫొటోలు నాకు పంపు. రెండు సిలిండర్లూ ఒకేలా తాగవు, కాబట్టి బాగున్న ప్లగ్గు ఒక్కటే పంపి ఊరుకోవద్దు, రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఎటువైపుదో రాసి పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న